రాగి తీగ చుట్టిన కట్టె తుపాకి

మా ఊరి చావడి దూలానికి ఒక కట్టె తుపాకి వేలాడుతుంటుంది. దాన్ని ఎవరో నాటకాల వాళ్లు వదిలేసి పోయారని ఈ మధ్య చెప్పుకుంటున్నారు. మొన్న ఒక పెళ్లి భోజనంలో నా పక్కన కూర్చున్న యువకుడు, నేనెవరో తెలియక, నాకే ఆ కథ చెప్పాడు. నాటకంలో తుపాకి పట్టిన వేషగాడి ఊరు కూడా చెప్పాడు. నేను పప్పు కలుపుకుంటూ విన్నాను. ఆ యువకుడు మా ఊరి దొర మనుమడితో కలిసి చదువుకున్నవాడని తర్వాత తెలిసింది. కథ ఎక్కడ పుట్టిందో అప్పుడు అర్థమైంది.

అది నాటకం కోసం చేసింది కాదు. నేను చేయించాను. ఒక మనిషి మీద పగ తీర్చుకోవడానికి చేయించాను. దాన్ని చేసిన చేతుల్లో సగం ఇప్పటికే మట్టిలో కలిశాయి. మిగిలిన సగం పోతే ఆ పెళ్లిలో విన్న కథే చరిత్ర అవుతుంది. చరిత్ర ఎలా తయారవుతుందో పుస్తకాల్లో చాలా చదివాను కాబట్టి, ఊరుకోకూడదని ఇది రాస్తున్నాను.

మా బాపు గొర్రెలు కాసేవాడు. ఆయన ఎడమ భుజం కిందికి జారి ఉండేది. ఆ చేయి ఛాతీ దాటి పైకి లేచేది కాదు. గొర్రెను రెండు మోకాళ్ల మధ్య ఇరికించి ఒంటిచేత్తో బొచ్చు కత్తిరించేవాడు. గొంగడి కప్పుకోవాలంటే దాన్ని గోడ మీద వేసి, గోడకు వీపు ఆనించి, కిందికి వంగి లాక్కునేవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన్ను అలాగే చూశాను.

అది ఎలా జరిగిందో ఆయన నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. రజాకార్ల రోజులు. దొర గడిలో, ఆ కోటలాంటి ఇంట్లో, పెళ్లి. గొర్రెలు కావాలని మనుషులు వచ్చారు. బాపు పొట్టేళ్లను తోలుకుపొమ్మన్నాడు. వాళ్లు సూడి గొర్రె మీద కన్నేశారు. "ఈనినంక తీస్కపోండ్రి బాంచెన్" అని, నీ బానిసనంటూ బతిమాలుకోవడానికి బాపు గడికి పోయాడు. దొర అరుగు మీద కూర్చుని తుపాకి తుడుచుకుంటున్నాడు. ఆ రోజుల్లో ఎక్కడి నుంచో సంపాదించిన త్రీనాట్‌త్రీ అది. లేచి వచ్చి, తుపాకి మడమతో, ఆ వెనక చెక్కతో, భుజం మీద కొట్టాడు. బాపు ఇంటికి నడిచే వచ్చాడు. గొర్రె రాలేదు.

తర్వాత దొర, తిరగబడ్డ రైతుల సంఘం వాళ్లకు భయపడి పట్నం పోయాడు. మిలటరీ వచ్చి నిజాం రాజ్యం పోయాక ఖద్దరు వేసుకుని తిరిగి వచ్చాడు. తుపాకిని ఎక్కడ అప్పగించాడో, ఏ బావిలో పడేశాడో ఎవరికీ తెలియదు. ఊళ్లో పంచాయతీ ఏర్పడితే ఆయనే పెద్ద అయ్యాడు.

పగ పుట్టింది భుజం దగ్గర కాదు. ఆ మాట నిజం చెప్పాలి. చిన్నప్పుడు దాన్ని కోడి కాలు విరిగినట్టు, గోడ కూలినట్టు చూసేవాణ్ని. పగ పుట్టింది చావడి పక్కన చదువుకునే గది తెరిచిన రోజు. నాలుగు పేపర్లు, ఒక బల్ల, ఒక అలమార వచ్చాయి. అప్పటికే పుస్తకం పిచ్చి పట్టిన నాకు అది పండుగ రోజు. బాపును కూడా బలవంతంగా తీసుకుపోయి వెనక కూర్చోబెట్టాను. దొర రిబ్బను కత్తిరించి ఉపన్యాసం ఇచ్చాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఏవేవో జరిగాయని రాస్తున్నారు గానీ మన ఊళ్లో దొరకూ రైతుకూ ఎన్నడూ గొడవ లేదన్నాడు. గడిలో ఏనాడూ తుపాకి అన్నది లేదన్నాడు. తర్వాత వెనక్కి చూసి నవ్వాడు.

"గొర్లకాపరి ఒకడు కల్లు దాగి గుట్ట మీదికెళ్లి పడ్డడు. వాని భుజం జూపి గూడ నా మీద చెప్తుండ్రట. ఏంరా, గుట్టనే గద?"

అందరూ నవ్వారు. గడి పనివాళ్లలో కొట్టడం కళ్లారా చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఆ నవ్వుల్లో ఉన్నారు. వాళ్లు దున్నేది ఆయన పొలమే. బాపు లేచి నిలబడ్డాడు. "అవును దొరా, బాంచెన్" అన్నాడు.

ఇంటికి వచ్చాక గొంగడి గోడ మీద వేస్తూ, "నీ పుస్తకాల అర్ర మంచిగున్నది బిడ్డా. నేనైతె మల్ల రాను," అన్నాడు. చదువుకునే గదికే కాదు, ఆ తర్వాత ఆయన చావడికే రావడం మానేశాడు. దసరాకు పనిముట్లు పెట్టే పూజకు కూడా తన బొచ్చు కత్తెరను పక్కింటివాళ్ల చేత పంపేవాడు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే కోరిక. ఆ తుపాకి ఉండేదని ఆ నోటితోనే, అదే చావడిలో, అదే జనం ముందు చెప్పించాలి. లేకపోతే మా బాపు తాగి పడ్డవాడిగానే చచ్చిపోతాడు.

నేను అప్పుడు నార్కట్‌పల్లిలో ఒక కట్టెల అడితిలో పని చేసేవాణ్ని. కొల్లాపూర్ వైపు అడవుల నుంచి లారీల్లో దుంగలు వచ్చేవి. వాటిని దింపడం, కొలవడం నా పని. సెలవు దొరికితే నల్గొండ బస్సెక్కి గ్రంథాలయంలో దిగేవాణ్ని. నా బడి చదువు నాలుగో తరగతితో ఆగింది. ఇంగ్లీషు ఎవరూ నేర్పలేదు. గ్రంథాలయంలో ఒక పక్క పుస్తకం, ఒక పక్క నిఘంటువు పెట్టుకుని, వాక్యాన్ని కట్టెలా కోసి కోసి నేర్చుకున్నాను. గొప్ప కోసం చెప్పడం లేదని అంటే అబద్ధం అవుతుంది. గొప్ప కోసమే చెబుతున్నాను.

అలా వెతుకుతుంటే పటాలున్న ఒక బరువైన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో సిపాయిలు మోసిన తుపాకుల గురించి. అందులో త్రీనాట్‌త్రీని నిలువునా చీల్చి చూపించిన బొమ్మ ఉంది. నేను దాన్ని ఎన్నడూ చూడలేదు. మా ఇంట్లో అన్నం తిన్నంత మామూలుగా ఆ తుపాకిని రోజూ తలుచుకున్నాను గానీ, దాని ఆకారమే తెలియదు. ఆ బొమ్మ ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మడమ ఒక కట్టె, ముందరిది ఇంకో కట్టె అని, రెంటినీ మధ్యలో ఒక ఇనుప పట్టీ కలుపుతుందని, మడమ చివర ఇత్తడి రేకు ఉంటుందని చదివాను. మా బాపు భుజానికి తగిలింది ఆ ఇత్తడి రేకు అన్నమాట.

గ్రంథాలయం నడిపే పెద్దమనిషి ఉర్దూ చదువుకున్నవాడు. నా భుజం మీదుగా చూసి అడిగాడు.

"క్యా మియా, పోలీసు నౌకరీల చేరుతున్నవా?"

"లేదు సాబ్. కట్టెతోని చేపిస్త."

"ఎందుకు?"

చెప్పాను. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పుస్తకం బయటికి ఇవ్వడం కుదరదన్నాడు. ఇంటికి పోయి నూనె కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "పుస్తకం మీద పెన్సిలు గట్టిగ ఒత్తకు. ఫికర్ లేకుండ మెల్లగ గీస్కో," అన్నాడు.

కాగితం మీది గీతను అడితి గచ్చు మీద సుద్దతో అసలు కొలతకు పెంచి గీశాను. కూలీలు దాని మీద నుంచి దాటి పోయేవాళ్లు. "శవాన్ని గీసినవేంది" అని ఒకడన్నాడు. కట్టె కోసం జిట్రేగి ముక్క ఒకటి అడితి యజమానిని అడిగాను. దేనికో చెప్పకుండా అడిగితే దేనికో అడగకుండా ఇచ్చాడు.

నల్గొండలో ఒక రైసు మిల్లు దగ్గర కాపలా ఉండే ముసలాయన బర్మా యుద్ధంలో పోరాడి వచ్చినవాడు. నూనె కాగితం చూపించగానే ఆయన బీడీ పారేశాడు.

"కండ్లు మూస్కోని ఇప్పి మల్ల బిగించేటోన్ని బేటా దీన్ని. పెండ్లాం కంటె ఎక్కువ దినాలు దీని పక్కన పండిన."

"బొమ్మ సరిగున్నదా?"

"సరిగనే ఉన్నది. గని మూతి జర సన్నగ గీసినవు. దీని మూతి పంది మూతి లెక్క మొద్దుగుంటది. అది జూస్తెనే తెలుస్తది, గిది త్రీనాట్‌త్రీ అని."

కట్టె పని చేసే మా ఊరి వడ్లాయన మాత్రం మొదట చేయనన్నాడు. కాగితాన్ని వేలితో కూడా తాకలేదు.

"తమ్మీ, నాకు పెండ్లం పిల్లలున్నరు. పోలీసోళ్లు ఇద్దర్ని కలిపి కట్టుకపోతరు."

"గొట్టానికి రంధ్రమే ఉండదు మామా. నిండు కట్టె. పేల్చుడు కాదు, రోకలి లెక్క దంచాల్సిందే దీనితోని."

"మరి దొర?"

"దొర గడిల తుపాకే లేకుండె గద. లేని దాని బొమ్మ చేస్తె ఆయనకెందుకు కోపమొస్తది?"

వడ్లాయన నోట్లో ఆకు పక్కకు తోసి, నవ్వాడు. అప్పుడు కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

బాడిసె, ఉలి, చిత్రిక. ఎండాకాలమంతా, పని లేనప్పుడల్లా చెక్కాడు. కమ్మరాయన పాత నాగలి కర్రు ముక్కను సాగగొట్టి బోల్టు పిడి చేశాడు. ఇత్తడి రేకు ఒక కంచరాయన పగిలిన చెంబు నుంచి కోసి ఇచ్చాడు. గొట్టానికి దీపం మసి పూశాం. కట్టెకు మా అమ్మ రోజూ ఆముదం రుద్దేది. రుద్దుతూ ఒక్కొక్కసారి మడమ చివర ఇత్తడి రేకును బొటనవేలితో తడిమి చూసేది. నేను తల పక్కకు తిప్పుకునేవాణ్ని.

బాపు చూడనన్నాడు. ఇంట్లో ఒక మూల గొంగడి కప్పి పెడితే, ఆ మూల దీపం కూడా పెట్టనిచ్చేవాడు కాదు. ఒకరోజు తినేటప్పుడు, నా వైపు చూడకుండానే అన్నాడు.

"దానికి రాగి తీగె ఉండె."

"ఎక్కడ బాపూ?"

"ఏమో. నన్ను కొట్టిననాడు లేకుండె. ఆ తర్వాత దసరాకు కత్తెర పట్టుకోని గడికి పోతి గద. తల వంచుకోని నిలవడ్డ. ఎండకు రాగి మెరిసింది కండ్లవడ్డది. తల ఎత్తి చూస్తె గద ఎక్కడనో తెలుస్తది."

కొట్టిన మరుసటి దసరాకు కూడా ఆయన ఆ గడికి పోయి, ఆ తుపాకి ముందు తల వంచి నిలబడ్డాడని నాకు అప్పటి దాకా తెలియదు.

మళ్లీ నల్గొండ పోయి పుస్తకం తిరగేశాను. దొరికింది. బాంబులు విసరడానికి వాడే తుపాకులకు గొట్టం కింది కట్టె చీలిపోకుండా తీగ చుట్టేవాళ్లని రాసి ఉంది, బొమ్మ కూడా ఉంది. రైసు మిల్లు ముసలాయన అలాంటివి బర్మాలో చూశానన్నాడు. ఇంకేం కావాలి. ముందరి కట్టెకు, సరిగ్గా పుస్తకంలో ఉన్న చోట, రాగి తీగ దగ్గరదగ్గరగా చుట్టించాను. ఆ రోజు నా అంత చదువుకున్నవాడు జిల్లాలో లేడని అనుకున్నాను.

మా ఊళ్లో దసరా నాడు జమ్మికి పోవడానికి ముందు పనిముట్ల పూజ జరిగేది. గడి రోజుల్లో గడి లోపల జరిగేది. తర్వాత చావడిలోకి వచ్చింది. గొంగళ్లు పరిచి వరుసగా నాగలి కర్రు, బాడిసె, సుత్తె, మంగలి కత్తి, బొచ్చు కత్తెర, చేటలల్లే కత్తి అన్నీ పెడతారు. దొర పళ్లెం పట్టుకుని ఒక్కొక్కదానికి పసుపు, కుంకుమ పెట్టుకుంటూ పోవాలి. ఒక్కటి కూడా వదలకూడదు. వదిలితే ఆ పని చేసేవాడికి ఏడాదంతా కీడు. ఒకసారి మంగలి కత్తిని మరిచి ముందుకు పోతే, ఆ మంగలాయన అరుగు దిగబోతున్న దొరను వెనక్కి పిలిచి మరీ పెట్టించుకున్నాడు. ఆ ఒక్క విషయంలో దొర కూడా ఊరికి లోబడేవాడు.

ఇంకొక సంగతి. వరుసలో మొదటి జాగా ఎప్పుడూ ఖాళీగా ఉండేది. గడి రోజుల్లో అక్కడ గడి తుపాకులు పెట్టేవారు. తుపాకులు పోయినా ఆ జాగాలో తన పనిముట్టు పెట్టడానికి ఎవరికీ చేయి రాలేదు. నాగలి కర్రు రెండో చోటనే మొదలయ్యేది. గడిలో తుపాకి లేదన్న ఉపన్యాసానికి నవ్వినవాళ్లు కూడా, ఏటా ఆ తుపాకి జాగా వదిలే పనిముట్లు పెట్టేవాళ్లు. ఊరు నోటితో దాచింది, చేతులతో దాచలేకపోయింది.

ఆ దసరా ఉదయం కట్టె తుపాకిని తీసుకుపోయి ఆ జాగాలో పెట్టాను.

చావడి నిండా జనం. బాపు వచ్చాడు. నేను రమ్మనలేదు. గొంగడి భుజాన లేదు, చేతిలో కత్తెర ఉంది. వచ్చి, దాన్ని వరుసలో పెట్టి, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

దొర తెల్లటి ఖద్దరు ధోవతిలో పళ్లెం పట్టుకుని అరుగెక్కాడు. తుపాకిని చూసి ఆగిపోయాడు.

"ఎవడు వెట్టిండుర దీన్ని?"

"నేను," అన్నాను. "పూజకు."

"గీ ఊర్ల గిది ఎవని పనిముట్టు?"

జవాబు నేను సిద్ధం చేసుకునే వచ్చాను. నాకంటే ముందు మంగలాయన మాట్లాడాడు.

"జాగా ఎట్లనో ఖాళీగనే ఉంటాంది గద దొరా. పోనీ, కట్టెదే గద."

ఎవరో దగ్గినట్టు నవ్వారు. దొర కూడా నవ్వాడు. కోపం తెచ్చుకుంటే లేని తుపాకికి కోపం వచ్చినట్టు అవుతుందని గ్రహించేంత తెలివైనవాడే. వంగి చూశాడు. చూసేకొద్దీ ఆయన ముఖం మారడం గమనించాను. భయం కాదు. దసరా దసరాకు ఆ తుపాకిని తానే తుడిచి, తానే నూనె పెట్టి, ఇంకొకరిని తాకనివ్వని మనిషి ఆయన. తన వస్తువును ఎవరో తప్పుగా చెప్పారని కనిపించినప్పటి చిరాకు అది. వేలు చాపి ముందరి కట్టె మీది రాగి తీగను తట్టాడు.

"మంచిగనే చెక్కినవు గని, తప్పు చెక్కినవు," అన్నాడు వడ్లాయనతో.

"నాకేమెర్క దొరా. పటం జూసి చేసిన."

"పటం గాదు, నీ మొకం. తీగె గీడెందుకుంటది? మెడకుండె. గిదో, గీడ. మెడ పగిలితె నేనే చుట్టిన, నా చేతులతోటి."

తాను ఏమన్నాడో దొరకు ఇంకా తెలియలేదు. వేలు ఇంకా మడమ సన్నబడే ఆ మెడ మీదే ఉంది.

స్తంభం దగ్గర నుంచి బాపు అడిగాడు. గొంతు పెంచలేదు.

"దేనికి తాకి పగిలింది దొరా?"

బాంచెన్ అనలేదు. నా జీవితంలో ఆయన దొరతో ఆ మాట లేకుండా మాట్లాడటం అదే మొదటిసారి వినడం.

దొర నిటారుగా లేచాడు. జనం వైపు చూశాడు. గడి పనివాళ్ల వైపు చూశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అటూ ఇటూ చూసి పళ్లెం పట్టుకుని రెండో చోట ఉన్న నాగలి దగ్గరికి అడుగు వేశాడు.

"ఒక్కటి ఇడ్సినవు దొరా," అన్నాడు మంగలాయన. "ఇడుస్తె మంచిది గాదు."

ఆయన వెనక్కి రావలసి వచ్చింది. వంగి, కుంకుమలో వేలు ముంచి, తుపాకికి బొట్టు పెట్టాడు. గొట్టానికి కాదు, మడమకు కాదు. సరిగ్గా మెడ మీద పెట్టాడు. చేతికి అలవాటైన చోటు అది. కుంకుమ కట్టె మీద పొడుగ్గా సాగింది. నేను కడుపునిండా చూశాను. జమ్మికి పోయేదాకా కూడా ఆగకుండా దొర మోకాళ్ల నొప్పులని ఇంటికి పోయాడు.

జనం కదిలాక బాపు వచ్చి తుపాకిని కుడిచేత్తో లేపాడు. ఒకసారి ఊపి చూశాడు.

"బరువు జాలలేదు," అన్నాడు. దింపి, తన కత్తెర తీసుకుని జమ్మికి నడిచాడు.

ఆ సాయంత్రమే వడ్లాయన ముందరి కట్టె నుంచి తీగ విప్పి మెడకు చుట్టాడు. పుస్తకం తప్పు కాదని ఇప్పటికీ అంటాను. పుస్తకంలోది వేరే తుపాకి. గడి తుపాకికి తీగ ఎక్కడ ఉందో తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, అతడు చెప్పాడు.

ఆ తర్వాత దొర దసరాకు చావడికి రాలేదు. పళ్లెం మంగలాయన పట్టుకున్నాడు. దొర బండి ఊరి మధ్య నుంచి పోతుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు, పక్కవాడితో మాట్లాడుతున్నట్టు, "తీగె ఏడుండెనే?" అనేవారు. "మెడకుండె," అని పక్కవాడు. బండిలో ఆయన ముందుకే చూసేవాడు. నేను పని లేకపోయినా ఆ అరుగు మీద కూర్చునేవాణ్ని, ఆ ఒక్క ముక్క వినడానికి. అన్నేళ్లు విన్నా ఆ మాట నాకు పాతబడలేదు. క్షమించడం గురించి చాలా పుస్తకాలు చదివాను. మంచి పుస్తకాలు. వాటిని రాసినవాళ్ల బాపుల భుజాలు బాగున్నట్టున్నాయి.

దొర చనిపోయినప్పుడు బాపు పాడె వెంట పోయాడు. నన్ను రమ్మని అడిగితే నేను పోలేదు. ఆ రోజు చావడిలో కూర్చుని తుపాకికి ఆముదం రాశాను.

సాయం చేసినవాళ్ల పేర్లు రాసి మొక్కడం పద్ధతి. పేర్లు రాయను. కొందరి పొలాలకు ఇప్పటికీ ఆ ఇంటి పొలం గట్టే హద్దు. పని పేరుతో పిలిస్తే వాళ్లకు తెలుస్తుంది, చాలు. నూనె కాగితం తెచ్చిన గ్రంథాలయం సాబుకు, దేనికని అడగకుండా జిట్రేగి ఇచ్చిన అడితి యజమానికి, మూతి సరిచేసిన బర్మా సిపాయికి, భయపడుతూనే చెక్కిన వడ్లాయనకు, కర్రు సాగగొట్టిన కమ్మరాయనకు, చెంబు కోసిన కంచరాయనకు, దొరను రెండుసార్లు వెనక్కి తిప్పిన మంగలాయనకు, ఆముదం రుద్దిన మా అమ్మకు, ఒక్క ప్రశ్న అడిగిన మా బాపుకు దండాలు.

చివరి దండం దొరకు. తీగ ఎక్కడ ఉండాలో ఆయన చెప్పకపోతే ఆ తుపాకి ఇప్పటికీ తప్పుగానే వేలాడుతుండేది.